మైనం మీద బొటనవేలు

రికార్డింగ్ గది గోడకి ఒక బోర్డు వేలాడుతుండేది. దాని మీద నాలుగు నియమాలు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉండేవి. తలుపు మూసి ఉంచాలి. పాడేవాళ్లు కదలకూడదు. కాలి చప్పుడు రాకూడదు. మైనం తిరుగుతున్నంతసేపూ, ఎంతటివాళ్లైనా సరే, నోరు విప్పకూడదు. కాసమ్మకి చదువు రాదు కాబట్టి ఆ నాలుగూ చెవిన విని కంఠతా పట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి వాటిలో మూడింటిని ఒకే పూటలో మంటగలిపింది. నాలుగోదాన్ని మాత్రం ప్రాణంలా కాపాడింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ గది బరంపురంలో, గోసాని నువాగాంలో, కాశయ్య సావుకారు బట్టల కొట్టు వెనక ఉండేది. ఒరిస్సా కొత్త రాష్ట్రమై రెండేళ్లయింది. మన పాటగాళ్లు ఇంకా మద్రాసుకీ కలకత్తాకీ పరిగెత్తడమేమిటి, ఇక్కడే గ్రామఫోను ప్లేట్లు కోయిద్దామని సావుకారుకి బుద్ధి పుట్టింది. కలకత్తాలో పని నేర్చిన హాడిబంధు బాబుని పిలిపించాడు. ఆయన గోడలకి కంబళ్లు కట్టించి, నడిమధ్య మైకు నిలబెట్టి, ఒక మూల కోత యంత్రం బిగించాడు. మైకు పట్టిన పాటకి యంత్రంలో సూది ఆడుతుంది, తిరిగే మైనపు బిళ్ల మీద గీత కోస్తుంది. ఆ బిళ్ల కలకత్తాలో ఫ్యాక్టరీకి వెళితే అక్కడ అచ్చు తీసి ప్లేట్లు చేస్తారు. కోసిన మైనాన్ని ఇక్కడ వేసుకుని వినడానికి లేదు, వింటే గీత చెడిపోతుంది. కోసేటప్పుడే చెవి ఒప్పుకోవాలి, లేకపోతే బిళ్ల దండగ.

కాసమ్మ మొదట అక్కడికి కుంపటి చూసుకోవడానికి వచ్చింది. మైనపు బిళ్లలు గోరువెచ్చగా ఉంటేనే సూది సాఫీగా నడుస్తుంది, వాటిని దాచే బీరువా కింద బొగ్గులు ఆరకుండా చూడాలి. గోపాలపురం పక్క పల్లె ఆమెది. మొగుడు రంగూన్ వెళ్లి నాలుగేళ్లయింది, కబుర్లు ఆగిపోయి రెండేళ్లు. ఏడ్చేదేదో మొదటి ఏడాదే ఏడ్చేసి, ముప్పై ఏళ్లకి ముందే బరంపురం వచ్చి పని వెతుక్కుంది.

ఒకనాడు హాడిబంధు బాబు చెవులకి తగిలించుకున్న ఫోన్లు తీసి బల్ల మీద పెడితే, కుంపటి దగ్గర్నుంచే ఆమె, లోపల ఎక్కడో జోరీగ తిరుగుతోంది బాబూ అంది. ఆయన నవ్వి మళ్లీ పెట్టుకున్నాడు. గంటసేపు వెతికితే వదులైన తీగ ఒకటి దొరికింది. అంత సన్నటి చప్పుడు నీకెలా వినబడిందని అడిగాడు. వాళ్ల అయ్య గంగన్న తెడ్డు కొస నీళ్లలో ముంచి, పిడి చెవికి ఆనించి, కింద గొరక చేపల గుంపు ఎటు పోతోందో చెబుతాడట. చిన్నప్పుడు ఆ పిడికి రెండో వైపు ఈమె చెవి పెట్టేదట. మర్నాడే ఆయన హాజరు పట్టీలో, పని నేర్చుకునేవాళ్ల వరసలో, అసిరయ్య పేరు కింద కాసమ్మ పేరు రాశాడు.

అసిరయ్య మెట్రిక్ చదివాడు. ఛత్రపూర్ కచేరీలో గుమాస్తా పని దొరక్క ఇటొచ్చాడు. మంచివాడు, కాస్త భయస్తుడు. అతను పట్టీలో పొట్టి అక్షరాలతో సంతకం పెడితే, ఆమె దాని కింద బొటనవేలు ఒత్తేది. అది చూసినప్పుడల్లా సావుకారుకి నవ్వాగేది కాదు. వేలిముద్ర రికార్డిస్టు వచ్చిందా అని కొట్టులో బేరాలకొచ్చిన వాళ్లకి కూడా వినబడేలా అడిగేవాడు. కాసమ్మకి ఒళ్లు మండేది. ఆ మంట పని మీద చూపించేది. గట్టి స్వరం వచ్చే ముందే శబ్దం తగ్గించే మర తిప్పడం, సూది లేపిన మైనపు పొట్టుని మెత్తటి కుంచెతో తుడవడం, అరచేతి వెనక భాగంతో బిళ్ల వెచ్చదనం చూడడం, అన్నీ అసిరయ్య కంటే ముందు పట్టుబడ్డాయి.

ఆరు నెలల ఆఖరున చెరొక పాట కోసి చూపించాలి. చెరి మూడు బిళ్లలు. ఎవరిది బాగా వస్తే వాళ్లకి సహాయ రికార్డిస్టు కుర్చీ, రెండోవాళ్లు ఇంటికి. అదీ ఒప్పందం. కోసినవాళ్లు చివరి గీతకీ నడిమికీ మధ్యనున్న నున్నటి జాగాలో పొడి అక్షరాలు మేకుతో గీయాలి. ప్లేటు ఎన్ని వేలు అచ్చయినా ఆ గీత అన్నిటి మీదా ఉంటుంది.

అసిరయ్య ఒక భజన పాడే ఆవిడని తీసుకొచ్చాడు. ఆవిడ కదల్లేదు, తలుపు మూసే ఉంది, మొదటి బిళ్లకే పని అయిపోయింది. కాసమ్మ తన వంతుకి వాళ్ల అయ్యనీ, ఏడుగురు వలలాగేవాళ్లనీ రప్పించింది. వాళ్లు ఎడ్లబండి మీద వచ్చారు. వస్తూ వస్తూ పెద్దవల తాడు చుట్ట కూడా వేసుకొచ్చారు. గంగన్న ఆ తాడుని ఒడ్డున ఎవరి నమ్మకం మీదా వదలడు, దాని మీదే కూర్చుని వచ్చాడు. సావుకారు ముక్కు మూసుకుని, చేపకంపు తాడుని గది తలుపు బయట అరుగు మీదే పడేయమన్నాడు. జనం డబ్బిచ్చి కొనుక్కుని మరీ ఈ కేకలు వింటారా అని హాడిబంధు బాబుని నిలదీశాడు. కోసేది ఆమె, ఎంచుకునేదీ ఆమే అని ఆయన ఊరుకున్నాడు.

మొదటి బిళ్ల సంగతి చెప్పుకోవడానికే సిగ్గు. ఎనిమిది మంది మగాళ్లు ఉతికిన పంచెలు కట్టుకుని, చేతులు కట్టుకుని, పోలీసు ఇనస్పెక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడి పాడారు. సముద్రాన్ని లాగే పాట గొంతులోంచి ఊడిపడనంది. కాసమ్మ నడుమనే సూది ఎత్తేసింది. ఎందుకిలా ఉందో ఆమెకి వెంటనే తెలిసింది. వాళ్ల చేతులు ఖాళీగా ఉన్నాయి.

తాడు లోపలికి తెప్పించింది. సావుకారు గుమ్మంలో అడ్డం నిలబడితే ఆయన పక్కనుంచే లాక్కొచ్చింది. కొస గది చివర స్తంభానికి బిగించి కట్టి, ఇప్పుడు లాగండి అంది. గంగన్న పట్టు పట్టి ఎత్తుకున్నాడు. మిగతావాళ్లు అందుకున్నారు. ఆహా, అదీ పాటంటే. కంబళ్లు అదిరాయి, మడమలు నేలని గుద్దాయి, ఫోన్లలో వింటున్న కాసమ్మకి ఒళ్లు పులకరించింది. అయిదారు పట్లు పట్టారో లేదో గంగన్న చెయ్యెత్తాడు. అంతే, గదంతా చడీ చప్పుడూ లేదు.

తాడు రావడం లేదు మరి. లాగినా రాని తాడంటే వల బండకి పట్టిందని లెక్క. అప్పుడు పాడుతూ లాగితే వల చిరుగుతుంది, అందుకే ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయరు, ఒకడు ఈదుకుంటూ వెళ్లి చూసొచ్చేదాకా నిలబడిపోతారు. అలా నిలబడిపోయారు ఎనిమిది మందీ, బరంపురం నడిబొడ్డున, స్తంభానికి కట్టిన తాడు పట్టుకుని. అంతకంటే విడ్డూరం, యంత్రం దగ్గరున్న కాసమ్మ కూడా తల తిప్పి, సముద్రం ఉండాల్సిన వైపు చూస్తూ ఉండిపోయింది. మైనం ఉత్తినే తిరుగుతూ పోయింది. తేరుకునేసరికి రెండో బిళ్ల కూడా గంగలో కలిసింది.

సావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు అయ్యాక తీర్పు చెప్పాడు. మూడో బిళ్లకి ముసలాయన ఒక్కడే పాడాలి, కదలకుండా పాడాలి, తాడు బయటికి పోవాలి.

కాసమ్మ ఆ మాట వింటోంది గానీ చూపు స్తంభం మీద ఉంది. తాడు కట్టేస్తే బండ అవుతుంది. కట్టకుండా, స్తంభానికి ఒక్క చుట్టు తిప్పి, అవతల ఒక మనిషి బిగిస్తూ వదులుతూ ఉంటే సముద్రమవుతుంది. కానీ మూడు నిమిషాలు లాగాలంటే గది చాలదు. తాడు అరుగు మీదనుంచి రావాలి, అరుగు స్తంభానికి చుట్టాలి, తలుపు తెరిచే ఉండాలి.

సముద్రం ఎవరవుతారు? హాడిబంధు బాబు యంత్రం తిరుగుడు చూసుకోవాలి. మిగిలింది అసిరయ్య. గెలిస్తే తన కుర్చీ ఎగరేసుకుపోయే మనిషికి సాయం చేయమని ఎలా అడగడం? కాసమ్మ తిన్నగానే అడిగింది.

"అసిరయ్యా, అరుగు మీదకెల్లి తాడట్టుకో. వోళ్లు లాగితే బిగబట్టు, ఊపిరి తీస్తే సూసి వొదులు. అలాగని వొట్టినే వొదిలీకు. నాను సెయ్యెత్తినప్పుడు మొత్తం వొదిలీ."

అసిరయ్య సావుకారు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. తరువాత చొక్కా చేతులు మడిచాడు.

"బిగబట్టడం నాకొచ్చప్పా. మా ఊళ్లో ఎడ్లని పట్టినోణ్ని" అని బయటికి వెళ్లాడు.

సావుకారు మొహం కందగడ్డయింది. తలుపు తెరిచి, నేల గుద్దుతూ, గుంపుగా గెంతుతూ కోసిన ప్లేటు తన కొట్టు పేరుతో బయటికి వెళ్లడానికి వీల్లేదన్నాడు. హాడిబంధు బాబు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాసమ్మా, ఆ సూది దించావంటే రేపట్నుంచి ఈ గడప తొక్కక్కర్లేదు."

ఆమెకి భయం వేయలేదని చెబితే అబద్ధం. ఈ పని పోతే మళ్లీ చేపల బుట్టే. చేపల బుట్ట తప్పేం కాదు, కానీ చెవి నిండా పాట పోసుకున్న మనిషికి అది చాలదు. ఆరు నెలల నవ్వులు గుర్తొచ్చాయి. మూడో బిళ్ల బీరువాలోంచి తీసి, చెయ్యి ఆనించి, వెచ్చదనం చూసింది.

"రేపటి మాట రేపు సూసుకుందుం బాబూ. నా పాట నాను సెడగొట్టుకోను. మైనం తిరుగుతంది, మరి మాటాడకండి."

సూది దించింది.

సావుకారు నోరు తెరిచాడు. ఎదురుగా ఆయన రాయించిన బోర్డే ఉంది. పైగా తన తిట్టు మైనంలోకి ఎక్కితే కలకత్తా దాకా వినబడుతుందని ఆయనకి తెలుసు. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. గంగన్న ఎత్తుకున్నాడు. తాడు అంగుళం అంగుళం లోపలికి వచ్చింది, బిగిసింది, మళ్లీ వచ్చింది. అరుగు మీద అసిరయ్య చేతులు కాలుతున్నా సముద్రంలాగే మొండికేశాడు. మడమలు గుద్దుతున్నాయి, స్తంభానికి తాడు రాసుకుని కిర్రుమంటోంది, తెరిచిన తలుపులోంచి గాలి ఆ గొంతుల చుట్టూ తిరుగుతోంది. కాసమ్మ మర మీద వేళ్లు ఆడిస్తూ, గొంతులు పెరిగే ముందు తగ్గిస్తూ, తగ్గే ముందు పెంచుతూ పోయింది. మూడు నిమిషాల పాటు ఆ కొట్టుకి యజమాని కాశయ్య సావుకారు కాదు.

గీత నడిమికి దగ్గర పడుతుండగా చెయ్యెత్తింది. అసిరయ్య వదిలేశాడు. తాడు కొస గడప దాటి జారుకుంటూ లోపలికొచ్చింది, వల ఒడ్డెక్కినట్టు పాట ముగిసింది, ఎనిమిది మందీ అలవాటుగా వంగి చేపల కోసం చూశారు. ఒక్క క్షణం నిశ్శబ్దాన్ని కూడా కోయనిచ్చి సూది ఎత్తింది.

సావుకారు అప్పుడు బద్దలయ్యాడు. అన్నవన్నీ రాయక్కర్లేదు. ఆఖరున, ఆ బిళ్ల మీద నీ పేరు ఉండడానికి వీల్లేదు, మేకు అక్కడ పెట్టు అన్నాడు. కాసమ్మ మేకు తీసి బల్ల మీద పెట్టింది. కుడి చేతి బొటనవేలు చివరి గీత పక్కన నున్నటి జాగాలో ఆనించి, మెల్లగా, గట్టిగా ఒత్తింది. వెచ్చటి మైనం మీద గీత గీతా దిగింది.

"ఇప్పుడు గీకితే పొట్టు పాటలో పడతాది. మీ ఇష్టం బాబూ" అంది.

రావద్దన్న మనిషి మర్నాడు పొద్దున్నే వచ్చి కుంపటి రాజేసింది. ఆ మర్నాడూ వచ్చింది. సావుకారు చూడనట్టు పోయేవాడు, హాజరు పట్టీ మాత్రం ఆమె ముందుకి రాలేదు. ఒప్పందం ప్రకారం రెండూ విన్నాకే తేల్చాలని హాడిబంధు బాబు రెండు బిళ్లలూ కలకత్తా పంపేశాడు. అలా రెండు నెలలు గడిచాయి.

నమూనా ప్లేట్లు వచ్చిన రోజు అందరూ గదిలో చేరారు. భజన శుభ్రంగా, ముద్దుగా ఉంది. తరువాత రెండోది వేశారు. గొంతుల కంటే ముందు గాలి వచ్చింది, తాడు కిర్రుమంది, అప్పుడు గంగన్న. సావుకారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అయిపోగానే ఇంకోసారి వేయమన్నాడు. మూడోసారి కూడా. అసిరయ్య మాత్రం పాట వింటూ, మచ్చలు కట్టిన తన అరచేతులు చూసుకుని నవ్వుకున్నాడు. కుర్చీ ఎవరిదో అతనికి అప్పటికే తెలిసిపోయింది.

ప్లేటుని సావుకారు వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. చివరి గీత పక్కన నల్లటి నిగనిగల్లో బొటనవేలి ముద్ర, చుట్లు చుట్లుగా, చెక్కినట్టు ఉంది. దీన్ని తీయించలేమా అని అడిగాడు. తీయాలంటే మళ్లీ కోయాలి, మళ్లీ కోయాలంటే ఆవిడే కోయాలి అని హాడిబంధు బాబు చెప్పాడు. సావుకారు ప్లేటుని ఇంకోసారి తిప్పి చూశాడు. ఆఖరికి గుమాస్తాని కేకేసి హాజరు పట్టీ తెప్పించాడు. సహాయ రికార్డిస్టు అన్న వరస దగ్గర తెరిచి, సిరా మెత్తతో సహా ఆమె వైపు నెట్టాడు.

"వెయ్యి, నీ వేలిముద్ర" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

కాసమ్మ మెత్త వైపు చూడలేదు. ఆయన చేతిలోని ప్లేటు తీసుకుని, పట్టీ మీద పెట్టింది.

"ఏసీసినాను బాబూ."