ఉమ్మడానికి చోటు

“పొద్దుగాల్నే ఎవల మీద ఉమ్ముతున్నవే?” అంది అత్త రేణుకమ్మ.

నేను నల్లా దగ్గర నోరు పుక్కిలిస్తున్నాను. పదకొండేళ్లుగా మిర్యాలగూడ రైసుమిల్లులో ఊక దుమ్ము పీల్చి ఉబ్బసం తెచ్చుకున్నదాన్ని. దవాఖానలో పీల్చే మందిచ్చి, ఆయాసం లేకపోయినా రెండు పూటలా వాడాలని, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలని చెప్పారు. అత్త మాట పూర్తికాకముందే నా భర్త పరశురాములు నా జుట్టు పట్టుకుని ముఖాన్ని నల్లాకేసి కొట్టాడు. “మా అమ్మ చాయ్ తాగుతుంటే ముంగట ఉమ్ముతవా?” పెదవి చిట్లింది. నెత్తురు ఉమ్మాను. ఉమ్మినందుకు మళ్లీ కొట్టాడు.

మందు మానలేదు, పుక్కిలించి ఉమ్మడం మానేశాను. పీల్చడం, ఊడ్వడం, వండడం, డబ్బా కట్టుకుని మిల్లుకు పోవడం. నెల తిరిగేసరికి నాలుక మీద తెల్లటి పొర కట్టింది. కారం తగిలితే నోరంతా మంట. “మహారాణికి మన కూర సయిస్తలేదు,” అని అత్త. తర్వాత గొంతు పోయింది. మాట బదులు గాలి వచ్చేది. “ఇగ ఇల్లు సల్లగుంది,” అని ఆయన నవ్వాడు. ఇదివరకు నేను అరిస్తే పక్కింటి సుక్కమ్మ గోడ మీదినుంచి తొంగిచూసేది, ఆయన చెయ్యి ఆగేది. ఇప్పుడు తలుపైనా వేయకుండా బెల్టుతో కొట్టేవాడు. నా నోరు తెరుచుకునేది, చప్పుడు వచ్చేది కాదు.

దవాఖానలో నర్సు మంజుల నా నోట్లోకి టార్చి వేసింది. “పుక్కిలిస్తలేవా అక్కా? నోట్లె మిగిలిన మందే పొర కడ్తది, గొంతు పోగొడ్తది. గట్లని మందు బంద్ చెయ్యకు.” డాక్టరు నోటిపూతకు మందు రాశాడు. ఇన్‌హేలర్‌కు తగిలించుకునే ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, దాంతో పీలిస్తే నోట్లో మందు తక్కువ మిగులుతుందని చూపించింది మంజుల. జాకెట్టు కింద వాతలు కనపడగానే తెర లాగి, ఫ్యాను నా వైపు తిప్పింది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

సుక్కమ్మకు చెప్పుకున్నాను. “మా మోరీల ఉమ్ము బిడ్డా. గట్టిగ ఉమ్ము, గాడు వింటే వినని!” పొద్దున, సాయంత్రం ఆమె ఇంటి మురుగుకాలువ దగ్గరికే వెళ్లాను. మొదట గొంతు గరగరమంది. మూడో వారంలో మాట వచ్చింది. ఇంట్లో మాత్రం గుసగుసగానే మాట్లాడాను.

ఆదివారం పొద్దున వీధంతా బిందెలతో నీళ్ల ట్యాంకరు దగ్గర ఉంది. చాయ్‌లో చక్కెర తక్కువైందని ఆయన బెల్టు తీశాడు. మొదటి దెబ్బ మెడ మీద పడింది. ఊపిరి నిండా గాలి తీసుకుని అరిచాను. ఆయన బెల్టు వదిలేసి తలుపు వేయడానికి పరుగెత్తాడు. గడప మీద సుక్కమ్మ, ఆమె వెనక అరడజను మంది ఆడవాళ్లు.

అందరం కలిసే ఠాణాకు నడిచాం. అక్కడ నా తరఫున ఎవరూ మాట్లాడాల్సిన పని పడలేదు.