అత్తయ్య వంతు

పార్కు గేటు దగ్గర ఫోటో తీసి అప్పటికప్పుడే చేతిలో పెట్టే మావయ్యంటే ఒకప్పుడు జనానికి మహా మోజు. కెమెరాలోంచి తెల్లటి అట్ట బయటికి రావడం, దాని మీద మొహాలు మెల్లగా తేలడం చూడ్డానికి ఒకరి మీద ఒకరు పడేవారు. ఆ ఫిల్మ్ చేసే కంపెనీ మూతపడ్డాక కెమెరా బీరువా పైకెక్కింది. మావయ్య గోడౌన్ కాపలాకు కుదిరాడు.

అంతమందిని తీసినవాడు అత్తయ్యను ఒక్కసారీ తీయలేదు. అడిగినప్పుడల్లా "ఫిల్మ్ బేరాలకే చాలట్లేదు, నీకెక్కణ్ణించి తేను?" అనేవాడు.

ఇప్పుడు అత్తయ్య మంచం పట్టింది. ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు డాక్టరు. ఆ ఫిల్మ్‌ను ఎవరో పట్టుబట్టి మళ్ళీ తయారుచేస్తున్నారని తెలిసి, మేనకోడలు ఒక పెట్టె ఫిల్మ్ తెప్పించి, బీరువా పైనుంచి కెమెరా దించింది.

"ఇది పాతదానిలా కాదు మావయ్యా. బయటికి రాగానే వెలుగు తగలకుండా బోర్లించాలట. లేకపోతే పాడైపోతుందట."

"నాకే నేర్పుతున్నావటే? నువ్వు పాలు తాగే రోజుల్లోనే నేనీ కెమెరా భుజాన వేసుకు తిరిగాను."

అన్నాడే గానీ చెప్పినట్టే చేశాడు. అయితే చేతికి పాత ఒడుపు లేదు. మేనకోడల్ని నిలబెట్టి తీస్తే ఒకదాంట్లో తల తెగింది, ఒకదాంట్లో కిటికీ తప్ప ఏమీ పడలేదు. అలా అలా చివరిదొక్కటే మిగిలింది.

మేనకోడలు అత్తయ్యకు తల దువ్వి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది.

"పళ్ళు కనబడాలా?" అంది అత్తయ్య.

"ఉన్నవాటినే కనబడనీ," అన్నాడు మావయ్య.

కెమెరా గరగరమంది. అట్ట రాగానే ఆయన దాన్ని బోర్లించి, అరచేత్తో కప్పాడు.

"ఏదీ, చూపించండి."

"ఆగవే, కాసేపు చీకట్లో ఉండాలి."

"దారినపోయేవాళ్ళందరికీ మొహం వస్తుంటే చూపించారు. నా దగ్గర మాత్రం దాస్తారా?"

మావయ్య చెయ్యి తీసేశాడు. మేనకోడలు వద్దనబోయి, అత్తయ్య మొహం చూసి ఆగింది. ఆయన ఎప్పటిలాగే అట్టను కిటికీ వెలుగులో ఊపి, మంచం మీదికి వంగి పట్టుకున్నాడు. ముగ్గురూ రెప్ప వేయకుండా చూశారు. దిండు అంచులాంటి గీత ఒకటి తేలింది. మిగతాదంతా సున్నం కొట్టిన గోడలా ఉండిపోయింది.

"నేనెక్కడున్నానండీ ఇందులో?"

మావయ్య అట్టను ఇంకోసారి ఊపాడు.

"ఇంకో పెట్టె తెప్పిస్తాను అత్తయ్యా," అంది మేనకోడలు.

"తెప్పించు. నేనెక్కడికి పోతాను!"

ఆ పెట్టె వచ్చేసరికి మంచం మడిచి గోడకు చేరేశారు. మావయ్య దాన్ని విప్పకుండానే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫిల్మ్ చల్లగా ఉంచాలి కదే?" అన్నాడు.

మేనకోడలు ఫ్రిజ్ తెరిచింది. అత్తయ్య మందుసీసాలు ఇంకా పై అరలోనే ఉన్నాయి. వాటిని కదపకుండా, పెట్టెను కింది అరలో పెట్టి తలుపు మూసింది.