ఊపిరి తీసుకున్నాకే

క్లియోథా పెడల్ తొక్కాడు. ప్రెస్ మూత తెల్లచొక్కా కాలర్ మీద వాలి బుస్సుమని ఆవిరి వదిలింది. ఆ ఆవిరి తగ్గేలోగా ఎడమచేతి ఉంగరపు వేలిని బల్ల అంచున పరిచి నొక్కాడు. మొదటి కణుపు కాస్త వెనక్కి వంగాలి. వంగదు. ఈ లాండ్రీలో చేరిన కొత్తల్లో కాలిన వేలది. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, వేలు మాత్రం మొండితనం వదల్లేదు.

"వేలికి మసాజ్ చేస్తున్నావా, దానితో పోట్లాడుతున్నావా?" అంది కౌంటర్ దగ్గర లుటీషా.

"బతిమాలుతున్నా," అన్నాడు.

శనివారం. మెంఫిస్‌లో ఆ పేట చర్చిలకు రేపు వెళ్ళే చొక్కాలన్నీ అతని చేతిమీదుగానే పోతాయి. వేసుకునేవాళ్ళలో సగంమందికి అతని పేరు తెలియదు. దానికతనికి బెంగ లేదు. బెంగంతా గిటార్ మీద కొన్ని తీగలు కలిపి మీటే ఒక్క కార్డ్ గురించే.

సంగీతం పుస్తకాల్లో దాన్ని డామినెంట్ నైన్త్ అంటారట. అక్క ఎర్లీన్ మాత్రం గుమ్మం కార్డ్ అనేది. ఆమె చర్చిలో గిటార్ వాయించేది. ప్రసంగం ఊపందుకున్నాక, పాస్టర్ ఒక మాట అని ఊపిరి తీసుకోగానే, ఆ సందులో ఆమె గిటార్ బదులు చెప్పేది. ఇంటి గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డ మనిషిలా ఉండేది ఆ నాదం. అమ్మ పోయిన ఏడు, అక్క పక్కన బెంచీ మీద కూర్చుని మొదటిసారి విన్నాడు. అప్పట్నుంచీ ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టే ఉంది బతుకు. నేర్పమని ఎన్నిసార్లడిగినా, "నీ వేళ్ళు ఇస్త్రీకి పుట్టాయిరా" అని నవ్వేసేది.

పోయిన చలికాలం పక్షవాతం ఆమె ఎడమచేతిని తీసుకుపోయింది. గుండె కూడా ఎన్నాళ్ళో లాగదన్నారు. అప్పుడు తనే పిలిచి గిటార్ అతని ఒళ్ళో పెట్టింది. "నేను పోయేలోగా ఆ గుమ్మం కార్డ్ ఈ ఇంట్లో ఒక్కసారి వినాలిరా," అంది.

సాయంత్రం షాపు నుంచి నేరుగా అక్క ఇంటికే వెళ్ళాడు. వేయించిన క్యాట్‌ఫిష్ తెచ్చాడు. ఆమె రెండు ముక్కలు తిని, చాలంటూ పక్కన పెట్టేసి, గిటార్ వైపు గడ్డం ఊపింది.

చూపుడువేలు, నడిమివేలు తమ చోట్లకు చేరాయి. సన్నటి మూడు తీగల మీదా ఉంగరపు వేలు ఒక్కటే అడ్డంగా పడుకోవాలి. రెండు పలికాయి. మూడోది ఠప్ మంది.

"దాని పీక నొక్కేశావు," అంది ఎర్లీన్. "మళ్ళీ. నేను ప్రసంగం చేస్తా, నువ్వు బదులియ్యి." గొంతు సవరించుకుంది. "దేవుడు నాకో తమ్ముణ్ణి..."

అతను వాయించేశాడు.

"ఒరేయ్! ఊపిరి తీసుకున్నాకే! నా మాట మీదెక్కి తొక్కుతావేం? చిన్నప్పట్నుంచీ ఇంతే, వడ్డించకముందే కంచంలో చెయ్యి."

"నువ్వు ఊపిరి తీసుకునేసరికి నా వేలు లేచిపోతోందక్కా."

"పట్టుకునుండు. వాయించడం ఎవడైనా వాయిస్తాడు. ఆగడమే మన పని."

ఈసారి నెమ్మదిగా మొదలుపెట్టింది. "దేవుడు నాకో తమ్ముణ్ణిచ్చాడు. చేతకానివాణ్ణిచ్చాడు. వినిపించుకోనివాణ్ణిచ్చాడు. అయినా ప్రభూ, నేను తిరిగి ఇచ్చెయ్యలేదు."

అతనికి నవ్వొచ్చింది, కళ్ళు తడిశాయి. ఆగాడు. ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. అప్పుడు మీటాడు. వేలు ఎలా వంగిందో తెలియదు, వంగింది. ఐదు తీగలూ పలికాయి. అమ్మ పోయిన ఏటి నాదం గదిలోకి వచ్చి నిలబడింది.

తలెత్తితే వేలు జారుతుందని భయం. వేళ్ళ వంకే చూస్తూ తర్వాతి మాట కోసం ఆగాడు. ఏదో కాగితం గరగరలాడింది. కాసేపటికి అదీ ఆగింది. పెద్ద పాస్టర్లలా అక్క మౌనాన్ని సాగదీస్తోందనుకున్నాడు. ఈసారి తొందరపడి తిట్లు తినకూడదనుకున్నాడు. వేలు తిమ్మిరెక్కేదాకా అలాగే కూర్చున్నాడు.

"అక్కా, ఊపిరి తీసుకో," అన్నాడు చివరికి.

తలెత్తి చూశాడు. ఆమె గడ్డం గుండెల మీదికి వాలిపోయి ఉంది.

ఆమెను తీసుకెళ్ళేవాళ్ళు వచ్చి వెళ్ళాక, అతను ఆమె కూర్చున్న కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. చర్చిలో ఏ పిల్లయినా బాగా పాడితే పిలిచి చేతిలో పెట్టడానికి ఎర్లీన్ పెప్పర్‌మింట్ బిళ్ళలు దగ్గరుంచుకునేది. తమ్ముడికి ఒక్కనాడూ ఇవ్వలేదు. కుర్చీలో, ఆమె కుడిచెయ్యి ఉన్నచోట, ఎర్రచారల బిళ్ళ ఒకటి ఉంది. దాని కాగితం ఒంటిచేత్తో సగందాకా విప్పి ఉంది.