పెద్ద పచ్చ బటన్

ఉత్తమన్ మాష్‌కి తెలియని విషయం లోకంలో లేదని కేరళలో వడకర దగ్గరి ఆ గ్రంథాలయంలో అందరికంటే గట్టిగా నమ్మేది ఉత్తమన్ మాషే. మాష్ అంటే అక్కడ మాస్టారు; హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాక గ్రంథాలయ కార్యదర్శి కుర్చీ ఎక్కాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తనకు తప్ప ఎవరికీ తీరిక లేదని తానే ప్రకటించి మళ్లీ అందులోనే కూర్చునేవాడు. ఆయన్ని చూస్తే నళినాక్షి టీచర్‌కి అన్నంలో రాయి తగిలినట్టుండేది.

ఆమె లెక్కల టీచర్. బడి వదిలాక రెండు పనులు పెట్టుకుంది. చీరు అమ్మ ఇంటికి వెళ్లి నాట్ల పాటలు రికార్డు చేయడం ఒకటి. పొలాలు కొబ్బరితోటలయ్యాక ఆ పాటలు ఆ ముసలామె గొంతులో తప్ప ఎక్కడా మిగల్లేదు. గ్రంథాలయంలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పడం రెండోది. పాటలు కూడా ఆ కంప్యూటర్లోనే దాచింది.

ఆ రోజు పాఠం డౌన్‌లోడ్ గురించి.

"ఏది కావాలన్నా దాన్ని తయారుచేసినవాళ్ల సైటుకే పోవాలి. వెతగ్గానే పైన కనపడిందల్లా వాళ్లది కాదు. అడ్రసు అక్షరం అక్షరం చదవాలి," అంది నళినాక్షి టీచర్.

"అంతా చదవాలా టీచరే? కళ్లజోడు ఇంట్లో మర్చిపొయ్యానే," అంది బట్టలు కుట్టే సైనబా.

"కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తావా? ఇదీ అంతే."

అందరూ నవ్వుతుండగా ఉత్తమన్ మాష్ ముండు పంచె మడిచి కట్టుకుంటూ లోపలికొచ్చాడు. "జరగండి, జరగండి. వార్షికోత్సవ సంచిక అట్టకి అందమైన అక్షరాలు, అదే ఫాంట్లు, కావాలి. ఊరికే దొరుకుతాయి, నాకు తెలుసు."

"క్లాసు జరుగుతోంది మాషే."

"నేను చేసేదీ క్లాసే. చూసి నేర్చుకోండి."

వెతికాడు. ఏదో పేజీ తెరుచుకుంది. దాని నిండా డౌన్‌లోడ్ బటన్లే. అన్నిటికంటే పెద్దది పచ్చగా మిణుకుమంటోంది.

"అది ప్రకటన," అంది నళినాక్షి టీచర్. "బాణం దాని మీద పెట్టి, నొక్కకుండా ఆగండి. ఎక్కడికి తీసుకెళ్తుందో కింద మూలన పడుతుంది. చూడండి, అది ఈ సైటు పేరే కాదు."

"టీచరే, చాయ తాగేముందు గ్లాసుని కూడా ఏ ఊరు, ఎవరి పిల్లవి అని అడుగుతారా మీరు?" అని పచ్చ బటన్ నొక్కాడు.

ఫైలు దిగింది. పేరు చివర ఇ, ఎక్స్, ఇ అని ఉంది.

"అక్షరాల ఫైలుకి ఆ తోక ఉండదు. అది ప్రోగ్రాం. తెరిస్తే దాని ఇష్టమొచ్చిన పని అది చేస్తుంది."

మాష్ తెరవబోతే వైరస్ కాపలా ఎర్రగా హెచ్చరిక చూపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! ఇలా వస్తే కాపలా ఆపెయ్యమని ఈ పేజీలో ముందే రాశారు. ఎంత తెలిసినవాళ్లో!"

"దొంగే వచ్చి కుక్కని కట్టెయ్యమంటే కట్టేస్తారా?"

"ఇక్కడ కార్యదర్శి ఎవరు?"

నళినాక్షి టీచర్ చేతులు కట్టుకుని నిలబడింది. కరెంటు తీగ ఆమె కాలి పక్కనే ఉంది. లాగెయ్యొచ్చు. కానీ ఈ మనిషి బోర్లా పడటం ఒక్కసారి కళ్లారా చూడాలనిపించింది. ఆయన కాపలా ఆపి ఫైలు తెరిచాడు. కాసేపటికి ఫైళ్ల పేర్లన్నిటికీ ఏవో అర్థంకాని తోకలు మొలిచాయి. ఏదీ తెరుచుకోలేదు. డబ్బు పంపమని ఒక నల్లటి పేజీ వచ్చింది. అప్పుడు లాగింది తీగ. అప్పటికి అంతా అయిపోయింది. పాటలూ అందులోనే ఉన్నాయని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్షణంలో తనమీద తనకు కలిగిన రోతని కూడా ఆయన ఖాతాలోనే వేసింది.

కమిటీ సమావేశంలో ఉత్తమన్ మాష్ గొంతు సవరించుకున్నాడు. "మధ్యాహ్నం క్లాసుకి వచ్చేవాళ్లు పెన్‌డ్రైవులు తెస్తుంటారు. వైరస్ అలా వచ్చుంటుంది."

"నా సంచిలో ఉండేది సూదీ దారమే మాషే," అంది వెనక బెంచీ నుంచి సైనబా. "పెన్‌డ్రైవ్ మొహం నేనింకా చూళ్లేదు."

అధ్యక్షుడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. పాత పాటలు ఇంట్లో విడిగా దాచిన డిస్కులో భద్రంగా ఉన్నాయని, ఈ వర్షాకాలంలో తీసినవే పోయాయని నళినాక్షి టీచర్ చెప్పింది. "చీరు అమ్మని మళ్లీ పాడమని నేనడగను. పోగొట్టినాయనే వచ్చి అడగాలి."

ఇద్దరూ వెళ్లేసరికి చీరు అమ్మ తన వరండాలో తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. ఉత్తమన్ మాష్ నిలబడే ఉపన్యాసం మొదలుపెట్టాడు. "కొన్ని సాంకేతిక కారణాల వల్ల..."

"ఏమంటున్నాడే వీడు?" అని టీచర్‌ని అడిగింది ముసలామె.

"నీ పాటలు పోగొట్టాడు. వద్దన్న బటన్ నొక్కి."

చీరు అమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "బళ్లో ఏం చెప్పేవాడివిరా?"

"చరిత్ర."

ఆమె పక్కకి తిరిగి ఎర్రగా ఉమ్మింది. "కూర్చో. కింద. మొత్తం వినాలి. మధ్యలో లేచావో, మళ్లీ మొదట్నుంచి పాడతా."

టీచర్ రికార్డింగ్ మొదలుపెట్టింది. ఆయన కూర్చున్నాడు. మోకాళ్లు నొప్పి పుట్టినా, దోమలు కుట్టినా కదల్లేదు. ఒక పాటలో చీరు అమ్మ ఆగిపోయింది. పాట మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. వానలో నారుకట్ట దాచిన పిల్ల గురించిన చరణం రాలేదు.

"పోయింది," అంది చెయ్యి విసిరి. "ఆ రోజు దానంతటదే వచ్చింది. ఇవాళ రానంటోంది."

దారిలో ఉత్తమన్ మాష్ ముండు దులుపుకుంటూ, "ఒక్క చరణమే కదా టీచరే. మిగతాదంతా వచ్చిందిగా," అన్నాడు.

నళినాక్షి టీచర్ రోడ్డు దాటి అవతలి పక్కన నడిచింది.

వార్షికోత్సవ సంచిక వచ్చింది. మొదటి వ్యాసం "ఇంటర్నెట్‌లో జాగ్రత్తలు". రాసింది ఉత్తమన్ మాష్, పక్కన ఆయన ఫోటో. అన్నీ ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిన మాటలే, రెండు చోట్ల తప్పుగా. కాపలాని "కాసేపు మాత్రమే" ఆపవచ్చని కూడా రాశాడు.

నళినాక్షి టీచర్ ఎర్ర సిరాతో తప్పులు దిద్దింది. మార్కులు వెయ్యడానికి చెయ్యి రాలేదు. వ్యాసానికి అడ్డంగా ఒక గీత గీసి, వెళ్లి కార్యదర్శి బల్ల మీద పెట్టి వచ్చింది.