గీత వరకు నీళ్లు

ఉదయం ఐదు నలభైకి తొట్టిలో ఉప్పు నలభై చూపించింది. ఉండాల్సింది ముప్పై ఐదు.

అతను మీటరు గాజుపలక తుడిచి, మరో చుక్క వేసి, ట్యూబులైటు వైపు తిప్పి కంటికి పెట్టుకున్నాడు. ఆ మీటరు అరచెయ్యంత దుర్భిణిలా ఉంటుంది. లోపల నీలం, తెలుపు కలిసే చోట అంకె చదవాలి. మళ్లీ నలభై. అంటే లీటరు నీటికి నలభై గ్రాముల ఉప్పు. మంచినీళ్ల చుక్క వేసి చూశాడు. సున్నా. మీటరు తప్పు కాదు. ఉప్పు ప్యాకెట్టు తప్పు కావాలి, లేదా అమ్మినవాడి తప్పు.

అరవై లీటర్ల గాజు తొట్టి అది. అడుగున ఇసుక, ఇసుక మీద ఆరు కిలోల రాళ్లు, రాళ్లకు అంటించిన, ప్రాణమున్న రెండు పగడం ముక్కలు. ఆ రెండూ నాలుగు రోజులుగా ముడుచుకునే ఉన్నాయి. చేపలు లేవు. రాళ్లలో కంటికి కనబడని జీవులు పెరిగి నీరు కుదురుకున్నాకే చేపలను వదలాలని ఆరు వారాలుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతున్నాడు. పక్క వాటా ఆవిడ అంతా విని, "మరి రాళ్లకి లైటెందుకండీ?" అంది.

ఈ సాయంత్రం చేపలు రావాలి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట. దుకాణదారు వాటిని అతని కోసం ఆపి ఉంచాడు, ఒక షరతు మీద. శుక్రవారం తొట్టి నీళ్లు సీసాలో తెచ్చి చూపించాలి. నీళ్లు బాగుంటే చేపలిస్తాడు. లేకపోతే తర్వాతి మనిషికి. ఈ రోజు శుక్రవారం.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నాడు.

భార్య వెనక గదిలో కుట్టుమిషను మీద ఉంది. మిషను ఆపలేదు. "నాకు వేరే పనేం లేదు మరి. ఇరవై రెండేళ్లుగా నీళ్లలో ఏమీ లేకుండా చూడటానికి జీతం తీసుకుంటారు. ఇంటికొచ్చి నీళ్లలో ఏదో ఒకటి ఉండాలంటారు. మీతో నేను వేగలేను."

మామగారు హాల్లో మంచం మీద పేపరు చదువుతున్నాడు. ఓడల ఇంజను గదుల్లో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి. తొట్టి వచ్చిన రోజున, "సముద్రం వదిలించుకుని ఒడ్డెక్కితే అల్లుడుగారు దాన్ని నా కాళ్ల దగ్గర తెచ్చి పెట్టారు" అన్నాడు. ఆ తర్వాత పంపు గురక పెడుతోందని వారం రోజులు నస పెట్టాడు. విప్పి చూస్తే నిజంగానే ఇసుక రేణువు దొరికింది. అది అతనికి ఇంకా మంటగానే ఉంది.

"ఈ ఇంట్లో ఒక్క వస్తువు నా చేతిలో ఉండనివ్వరు" అన్నాడు అతను. "ఇవాళ్టి నుంచి దీని దరిదాపులకి ఎవరొచ్చినా ఊరుకోను."

మామగారు పేపరు దించాడు. "ఎవరొచ్చినా అంటే?"

"ఎవరొచ్చినా అంటే ఎవరొచ్చినా."

"సరే" అని ఆయన పేపరు మడిచాడు.

అతని ఉద్యోగం ఆసుపత్రి పై అంతస్తులోని నీటిశుద్ధి గదిలో. కింద ఎనిమిది డయాలసిస్ యంత్రాలున్నాయి. ఒక్కో రోగికి ఒక్కో విడతలో నూట ఇరవై లీటర్ల శుద్ధజలం కావాలి. కుళాయి నీటిలోని క్లోరిను రవ్వంత మిగిలినా రక్తం చెడుతుంది. అందుకే ప్రతి విడతకూ ముందు అతను గాజుగొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు మారలేదని చూసి, చీటీ మీద సంతకం పెట్టి కిందికి తెస్తాడు. ఆ చీటీ వస్తేనే నర్సు యంత్రం మొదలుపెడుతుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా రంగు మారలేదు. అందుకని ఎవరూ అతన్ని తలచుకోరు.

పదకొండున్నరకు చీటీ తెచ్చేసరికి మూడో పడక మీద కండక్టరు ఉన్నాడు. బస్సు ఉద్యోగం మానేసి ఐదేళ్లయినా అందరికీ కండక్టరే. నర్సు ఆయన్ని అప్పుడే కాటా మీంచి దించి, నీళ్లు ఎక్కువ తాగినందుకు చీవాట్లు పెడుతోంది. రెండు రోజుల్లో మూడున్నర కిలోలు పెరిగాడు.

"ఏంటి నీళ్ల మాస్టారూ, నాకు పడ్డ తిట్లకి మీ మొహం మాడిందేంటి?"

అతను చెప్పాడు. చెప్పాలనుకోలేదు, కానీ చెప్పాడు. తొమ్మిది రోజుల కింద తొట్టికి గాజు మూత చేయించానని, అప్పటి నుంచి నీళ్లు ఆవిరి కావడం ఆగిపోయిందని, ఉప్పు మాత్రం ఎందుకో పెరుగుతోందని.

"అసలు తగ్గడమే లేదా నీళ్లు?"

"సాయంత్రం చూస్తే గీత మీదే ఉంటున్నాయి. చుక్క తగ్గదు."

"మూత ఎంత మంచిదైనా చుక్క కూడా తగ్గకపోవడమేంటి మాస్టారూ? ఎవరో పోస్తున్నారు." కండక్టరు గడ్డంతో నర్సు వైపు చూపించాడు. "నేను గుక్కెడు కూడా తాగలేదని తల మీద చెయ్యేసి ఒట్టేసినా, ఈ తల్లి కాటా చూసి పట్టేస్తుంది. మీ తొట్టికి తాగిస్తున్నదెవరో చూసుకోండి."

నర్సు నవ్వింది. అతను నవ్వలేదు. పైకి వెళ్లి చీటీ వెనక లెక్క వేశాడు. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి. అలా కాక రోజుకో లీటరు ఉప్పునీళ్లు పోస్తే? తొమ్మిది రోజులకు అరవై లీటర్లలో ఐదు పైచిలుకు పెరుగుతుంది. ముప్పై ఐదుకు ఐదు కలిపితే నలభై.

తొమ్మిది రోజుల కింద తొట్టికి నల్ల టేపు అంటించింది అతనే. భోజనాల దగ్గర అందరికీ చెప్పింది కూడా అతనే. నీళ్లు ఈ గీత కిందికి దిగకూడదు, దిగితే పంపు గాలి పీల్చి కాలిపోతుంది అని. తొట్టి కింద రెండు డబ్బాలు ఉంటాయి. ఒకదానిలో మంచినీళ్లు. రెండోదానిలో నెలకోసారి మార్చడానికి కలిపి ఉంచిన ఉప్పునీళ్లు. ఏ డబ్బాలోవి పోయాలో అతను చెప్పలేదు.

సాయంత్రం ఆరుంపావుకు దుకాణదారు సీసాలోంచి చుక్క తీసి చూశాడు. మీటరు కౌంటరు మీద పెట్టాడు.

"నలభై. వీటిని చంపుకోవడానికా తెచ్చారు?"

"కారణం తెలిసింది. ఉప్పు రోజుకి కాస్త చొప్పున దించుతాను. నాలుగు రోజులు ఆగండి."

"ఆరు వారాలు ఆగాను సార్. ఏడింటికి పళ్ల డాక్టరుగారు వస్తారు. ఆయన నీళ్లు నిన్ననే చూశాను, బంగారంలా ఉన్నాయి."

అతను సీసా ఖాళీ చేసి జేబులో పెట్టుకున్నాడు. జంట ఉన్న తొట్టి దగ్గర కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత బస్సెక్కాడు.

హాల్లో మంచం మీద దుప్పటి లేదు. తలగడ లేదు.

"నాన్న మధ్యాహ్నం బస్సుకి మా తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు" అంది భార్య. "తృప్తిగా ఉందా ఇప్పుడు?"

"రోజూ ఆయనేగా పోస్తున్నది?"

"ఆయన కాక ఇంకెవరు పోస్తారు? పదకొండు కొట్టేసరికి మగ్గు పట్టుకుని నిలబడేవాడు. అల్లుడికి చెప్పకే, నవ్వుతాడు అన్నాడు. పొద్దున చెబుదామనుకున్నాను. మీరు చెప్పనిచ్చారా?"

అతను ఫోను చేశాడు. ఆయన వెంటనే ఎత్తాడు.

"మామయ్యా, ఉప్పునీళ్లు కాదు. మంచినీళ్లు పోయాలి."



"ఉప్పునీళ్ల తొట్టిలో మంచినీళ్లు ఎవడైనా పోస్తాడా?" అన్నాడు మామగారు. "మీరు గీత చూపించారు. డబ్బా చూపించలేదు."

"చూపించలేదు. తప్పు నాదే. రేపు వచ్చేయండి."

"ఇక్కడ నాకు విడిగా గది ఇచ్చారు. తలుపేస్తే ఏ చప్పుడూ లేదు."

"నిద్ర పడుతుందా?"

"చూడాలి. పంపు జాగ్రత్త." ఫోను పెట్టేశాడు.

తొట్టిలో నీళ్లు గీతకు పావువేలుకు పైగా కింద ఉన్నాయి. ఉప్పునీళ్ల డబ్బా మూత తీసి చూస్తే, అంచుల దాకా ఉండాల్సిన నీళ్లు మూడో వంతుకు పైగా తగ్గి ఉన్నాయి. మంచినీళ్లు పోసే ముందు పంపు ఆపడానికి అతను తొట్టి వెనక ప్లగ్గు కోసం చెయ్యి పెట్టాడు. బల్ల వెనక మేకుకు నోటుపుస్తకం ఒకటి దారంతో వేలాడుతోంది. దాన్ని లైటు కిందికి తెచ్చాడు.

ఓడల ఇంజను గదిలో రాసే పద్ధతిలో పేజీకి స్కేలుతో గళ్లు గీసి ఉన్నాయి. తేదీ, వేళ, మట్టం, పంపు చప్పుడు, పోసినది. తొమ్మిది వరుసల్లో "రెండు మగ్గులు" అని ఉంది. పదో వరుస ఈ రోజుది. పదకొండు గంటలు. గీతకు పావువేలు కింద. చప్పుడు సరిగా ఉంది. పోయలేదు.

దాని కింద గళ్లు ఖాళీ. నెలాఖరు వరకు తేదీలు మాత్రం వేసి ఉన్నాయి.