చేతులు తెల్లవారే వేళ

సున్నపురాయి మీద మంచు కురిసిన వాసన.

జగ్గయ్యపేటలో తెల్లవారుతోంది.

కనకవల్లి చేతులకు ఇంకా తెల్లవారలేదు.

మంచం అంచున కూర్చుంది. రెండు పిడికిళ్ళూ ఒళ్ళో ఉన్నాయి. పగలని పత్తికాయల్లా — పచ్చిగా, గట్టిగా, లోపలి మాట బయటికి పొక్కనివ్వకుండా. తెరుచుకోమంటే తెరుచుకోవు. బలవంతం చేస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

ఊరికే కూర్చోవాలి.

వెలుగొచ్చి అడిగేదాకా.

ముందు పుల్లమ్మ పాలక్యాను మోత. ఆ తర్వాత విజయవాడ పోయే మొదటి బస్సు. ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ కూత... ఆ మూడింటిలో ఎక్కడో ఒకచోట చిటికెనవేలు కదులుతుంది. అది పక్కదాన్ని లేపుతుంది. పక్కది ఇంకోదాన్ని. పెళ్ళింట్లో ఒకే చాప మీద పడుకున్న పిల్లల్లా.

పన్నెండేళ్ళుగా ఇంతే.

పన్నెండేళ్ళుగా ఆమెకు రోజుకు రెండు తెల్లవారుజాములు. ఒకటి లోకానిది. ఒకటి చేతులది.

తొంభైనాలుగు వేసవిలో మొదలైంది. ఆవకాయ కలుపుతుంటే ఉంగరం బిగిసింది. సబ్బు రాసినా రాలేదు, నూనె రాసినా రాలేదు. కంసాలి వచ్చి కోసి తీశాడు.

వాతం అన్నారు. వావిలాకు నీళ్ళు కాచి పోశారు. ఇసుక వేయించి కాపడం పెట్టారు. వేదాద్రి వెళ్ళి కృష్ణలో మునిగి, తడిబట్టలతో నరసింహస్వామి చుట్టూ తిరిగింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి — మనసు కుదుటపడింది. మోకాళ్ళు మాత్రం కొత్తగా పట్టుకున్నాయి.

తర్వాత విజయవాడలో పెద్ద డాక్టరు. వారానికొక్కసారే వేసుకునే పసుప్పచ్చ మాత్ర. ఆ మాత్ర కొన్నేళ్ళు ఆమెను కాచింది. కాచి కాచి అలిసిపోయింది.

భర్త ఉమాకాంతం మేష్టారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయినవారు. ఇప్పుడు ఆమెకు జడ వేసేది ఆయనే. మూడు పాయలూ సమానంగా రావాలని పంతం. రాకపోతే విప్పి మళ్ళీ మొదటికొస్తారు.

అన్నం ఆమె చెంచాతో తింటుంది.

వేడన్నంలో పప్పూ నెయ్యీ వేసుకుని, తన వేళ్ళతో తాను కలుపుకోవాలి. ఆమె అడిగేది అదొక్కటే. దేవుణ్ణయినా, డాక్టర్నయినా.

రెండువేల ఆరు, కార్తీకమాసం. విజయవాడ ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ సంయుక్త ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుంది.

"కంచే చేను మేస్తోందమ్మా," అంది. "ఒంట్లో కాపలావాళ్ళుంటారు. బయటి రోగాన్ని తరమడం వాళ్ళ పని. మీ కాపలావాళ్ళు మీ కీళ్ళనే పరాయివనుకుంటున్నారు."

కనకవల్లి ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

తిరుగు బస్సులో దారి పొడుగునా తన మణికట్టు కేసే చూసుకుంది. తోలు కింద నీలంగా పారే నరాలు. వాటిలో వాళ్ళు. పాపం... రెప్ప వేయకుండా కాస్తున్నారు. ఎవరో వచ్చారనుకుని ఇంటివాళ్ళనే కొడుతున్నారు. ఆమెకు కోపం రాలేదు. వంగి, మణికట్టు దగ్గర నోరు పెట్టి, మెల్లగా చెప్పాలనిపించింది —

నేనేరా నాయనా. నేనే.

కొత్త మందొకటి వచ్చిందట. సూది మందు. రోట్లో నూరింది కాదట, పొయ్యి మీద కాచింది కాదట. తేనెటీగల చేత తేనె చేయించినట్టు, కంటికి ఆనని ప్రాణుల చేత దాన్ని చేయిస్తారట. ఆ కాపలావాళ్ళలో ఒకడు కేక వేస్తే పదిమంది కర్రలు పట్టుకుని వస్తారే — ఆ మందు ఆ మనుషుల జోలికి పోదట. ఆ కేకను గాల్లోనే పట్టేసుకుంటుందట.

కేకను పట్టుకోవడం!

ఎవరికి వచ్చి ఉంటుంది ఆ ఊహ? ఏ దేశంలో, ఏ తల్లి కన్న బిడ్డకు?

అయితే అది ఇంకా పరీక్షలో ఉంది. ఆర్నెల్ల పరీక్ష. చేరినవాళ్ళలో సగంమందికి మందు. సగంమందికి ఉప్పునీళ్ళు. ఎవరికేది అన్నది ఎవరికీ చెప్పరు.

"నీకు తెలుసుగా తల్లీ?"

"నాకూ తెలియదమ్మా. డబ్బా మీద నంబరుంటుంది, అంతే. తెలిస్తే నా కళ్ళు అబద్ధం చెప్తాయి. లేని నయాన్ని చూస్తాయి."

వడ్డించేదానికే తెలియని వడ్డన. కనకవల్లి ముక్కు మీద వేలు వేసుకోబోయింది. వేలు రాలేదు.

కాగితాలన్నీ మేష్టారు గంటసేపు పైకి చదివారు. జ్వరం వస్తే పరుగున రావాలి, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు... అన్నీ విని బొటనవేలు చాపింది. వంగని వేలిని సంయుక్తే పట్టుకుని, సిరా అద్ది, కాగితానికి ఆనించింది. పసిబిడ్డ చేత అక్షరాలు దిద్దించినట్టు.

పక్షానికొక సూది. ఇంటికిచ్చిన కాగితాల్లో రోజుకొక ప్రశ్న.

నిద్ర లేచాక కీళ్ళు ఎన్ని నిమిషాలు బిగుసుకుని ఉన్నాయి?

"ఎంతసేపే?" మేష్టారు కలం పట్టుకుని అడుగుతారు.

"పుల్లమ్మ వచ్చి వెళ్ళింది. బస్సు పోయింది. కూత ఇంకా వేయలేదు."

"నిమిషాలు చెప్పవే అంటే పంచాంగం చదువుతావు!"

"మీరు రాసేది మాత్రం? పిల్లల మార్కుల్లా ఉంది."

ఎనభై అయిదు, అని రాసేవారు. ఎనభై. ఎనభై అయిదు. తొంభై.

మూడు సూదులయ్యాయి. చేతులు అలాగే ఉన్నాయి.

నాలుగో సూది నాడు సంయుక్త పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నించీ మంచినీళ్ళయినా తాగలేదని పక్కనున్న నర్సు అంది. అయినా ఆ పిల్ల ఒక్కో కీలూ నొక్కి చూస్తోంది — పండు మగ్గిందా లేదా అని చూసినంత మెత్తగా.

"నొప్పా అమ్మా?"

"లేదు తల్లీ. చాలా నయం."

అనేసింది.

మొహమాటం. వడ్డించిన చేతిని చిన్నబుచ్చుతామా? పప్పులో ఉప్పు లేకపోయినా "దివ్యంగా ఉందమ్మా" అనే లేస్తాం. అలా పెరిగిన నోరు అది. సంయుక్త మొహం వెలిగింది. ఆ వెలుగు చూశాక మాట వెనక్కి తీసుకోవడం కనకవల్లి తరం కాలేదు.

మర్నాడు ఇంట్లో — "అరవై రాయండి."

మేష్టారు ఆమె పిడికిళ్ళ కేసి చూశారు. "కనకం..."

"రాయండీ. రాస్తే తగ్గుతుందిలెండి."

ముప్పై ఏళ్ళలో ఎవరికీ అర మార్కు కలపని మనిషి. రాశారు. అరవై. తర్వాత యాభై. తర్వాత నలభై.

కాగితం మీద తెల్లవారిపోయింది.

చేతుల్లో లేదు.

మాఘమాసం. ఆరో సూదికి మొదటి బస్సులో బయల్దేరారు. నందిగామలో సుబ్బమ్మ ఎక్కింది. చందర్లపాడు మనిషి. మిరప కోతలకు పోయేది, ఇప్పుడు పోలేదు. ఆమెదీ ఇదే జబ్బు, ఇదే పరీక్ష. ఆస్పత్రి బెంచీ మీద కలిసిన చుట్టరికం.

మేష్టారు ముందు సీట్లోకి జరిగారు. సుబ్బమ్మ వచ్చి కనకవల్లి పక్కన చతికిలబడింది.

"ఎట్టా ఉందమ్మగారూ?"

అలవాటైపోయిన నోరు. "నలభై నిమిషాలకు దిగిందే."

సుబ్బమ్మ బయటికి చూసింది. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. అటే చూస్తూ అంది —

"అయితే అసలు మందు మీకు పడ్డది. నాకు నీళ్ళు పడ్డయ్యి. ఈయాళ డాక్టరమ్మకి చెప్పేసి మానేస్తానమ్మగారూ. ఇంత దూరం వచ్చి నీళ్ళు పొడిపించుకోటం దేనికి?"

కీసర దగ్గర బస్సు మున్నేటి వంతెన ఎక్కింది. కింద ఇసుక మధ్య సన్నగా నీళ్ళు. ఆ నీళ్ళ మీద అప్పుడే పొద్దు పొడుస్తోంది.

కనకవల్లి పైట కింద దాచిన పిడికిలి బయటికి తీసింది. తెచ్చి సుబ్బమ్మ ఒళ్ళో పెట్టింది.

పెట్టిన పిడికిలి పెట్టినట్టే ఉంది.

"అబద్ధమాడాను సుబ్బమ్మా. ఆ పిల్ల బాధపడుతుందని."

సుబ్బమ్మ ఆ పిడికిలి చూసింది. తన పిడికిలి తెచ్చి దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే చేలో కాసినట్టున్నాయి.

"ఇదేం చోద్యమమ్మా తల్లీ! నొప్పి దగ్గిర మొహమాటమా? నేనైతే సూది కనపడితేనే కెవ్వుమంటా!" అని నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకోబోయింది. వేళ్ళు రాక, మోచేత్తో తుడుచుకుంది.

ముందు సీట్లో మేష్టారు వెనక్కి తిరగలేదు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నేను చెప్పింది అబద్ధం తల్లీ," అంది కనకవల్లి ఆస్పత్రిలో, ఇంకా కూర్చోకుండానే. "కాగితాలూ అబద్ధమే."

"రాసింది నేను," అన్నారు మేష్టారు. "తప్పు నాది."

సంయుక్త కలం కింద పెట్టింది. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. తిట్టినా బాగుండేది.

"అమ్మా... మీ ఒక్కరి చేతులే కావివి. ఎన్నో ఊళ్ళల్లో, ఎన్నో దేశాల్లో, పొద్దున్నే లేచి చేతులు చూసుకుని రాస్తున్నారు. అన్నీ ఒకచోటికి చేరతాయి. తగ్గిందని మీరు ఊరికే అంటే... పనికిరాని మందు పనికొచ్చినట్టు కనపడొచ్చు. మీకు పడేది నీళ్ళే అయితే, పనికొచ్చే మందు నీళ్ళతో సమానమనిపించొచ్చు."

కనకవల్లి కళ్ళ ముందు వాళ్ళంతా కదిలారు.

ఎక్కడెక్కడి ఆడవాళ్ళో. మంచు పడే దేశాల్లో, సముద్రాల అవతల. మంచం అంచున కూర్చుని, పిడికిళ్ళు ఒళ్ళో పెట్టుకుని... భాష తెలియదు, పేరు తెలియదు. ఇక్కడ తన చేతులకు తెల్లవారుతుంటే అక్కడెక్కడో చీకటి పడుతుంది. అయినా అందరి తెల్లవారుజాములూ ఒకే కుప్ప. ఒకే కళ్ళంలో పోసిన ధాన్యం. అందులో తను తాలు గింజలు కలిపింది.

"నన్ను తీసేస్తారా?"

"తెలియదమ్మా. జరిగింది జరిగినట్టు ఈ పరీక్ష నడిపే పైవాళ్ళకు రాయాలి. వాళ్ళు చెప్పాలి. పాత అంకెలు మాత్రం చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, కనపడేలా ఉంచి, పక్కన నిజం రాయాలి. గుర్తుంటేనే."

గుర్తుంటేనా!

కనకవల్లి కళ్ళు మూసుకుంది.

"మొదటి రోజు పుల్లమ్మ వచ్చింది, బస్సు పోయింది, కూత వేశాక కదిలింది. రెండో రోజు గేదె తన్నిందని పుల్లమ్మ ఆలస్యం, బస్సూ ఆమే ఒకేసారి వచ్చారు, చిటికెనవేలు కూతకు ముందే. మూడో రోజు వాన తుంపర, కూత వేసి ఆగిందాకా ఏమీ లేదు..."

ఇరవై ఎనిమిది తెల్లవారుజాములు. ఒక్కొక్కటీ పైకి తీసింది, పెట్టె అడుగున మడిచి దాచిన చీరల్లా. మేష్టారు వాటిని నిమిషాలు చేశారు. సంయుక్త ఒక్కో గీతా కొట్టింది. గుర్తున్నది చెప్పారు అని పక్కన రాసింది. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగి, ఆ మూసిన కళ్ళ కేసి అలా చూస్తూ ఉండిపోయింది.

బయట బెంచీ మీద సుబ్బమ్మ. మానేస్తానన్న మాట ఎత్తకుండా తన వంతు కోసం కూర్చుంది.

పైనుంచి కబురు ఇంకా రాలేదు.

ఆ నాటి సూది మాత్రం పడింది. పది రోజులయింది.

ఇవాళ మంచు దట్టంగా ఉంది. సున్నపురాయి వాసన గుమ్మం దాకా వచ్చింది. కనకవల్లి మంచం అంచున కూర్చుంది.

పుల్లమ్మ ఇంకా రాలేదు.

చిటికెనవేలు... కదిలిందా?

మళ్ళీ చూసింది. కదిలింది. పక్కది లేచింది. దాని పక్కది — లేవనా వద్దా అన్నట్టు...

మేష్టారు కాగితం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. ఆయనా చూశారు. కలం మూత తీశారు.

"ఎంత రాయమంటావు?"

కనకవల్లి చేతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఇన్నాళ్ళూ ఇన్ని అబద్ధాలు చెప్పిన నోరు. ఇప్పుడు నిజం ఎదురుగా వచ్చి నిలబడితే, అది నిజమేనని ఎలా పోల్చుకోవడం? తన చేతి దగ్గర కూడా తను మొహమాటపడుతోందేమో. మందో, నీళ్ళో, ఇదో మంచిరోజో... లోపల ఆ కాపలావాడు ఎన్నేళ్ళకో ఒక్కసారి లాంతరెత్తి, మొహం చూసి, ఈవిడ మన ఇంటావిడే కదా అనుకున్నాడో.

"ఉండండి," అంది, గాలికైనా వినపడనంత మెల్లగా. "నన్ను సరిగ్గా చూడనివ్వండి."

వెలుగు గడప దాటి ఇప్పుడే లోపలికి వస్తోంది.

ఆమె కదలకుండా చూస్తోంది.

అరచేయి — సగం తెరుచుకుని —

ఇంకా ఏమీ చెప్పడం లేదు...