తడిగుడ్డ

ఒక్క చుట్టు తిరిగితే చాలు, ఒకే ఒక్క చుట్టు, ముప్పావుగంట నుంచీ డ్రమ్స్ పక్కన ఇత్తడి పళ్ళేన్ని నిలబెట్టే ఈ సింబల్ స్టాండు రెక్కల నట్టుతో పెనుగులాడుతున్నాను, వేళ్ళు కమిలిపోయాయి, ఇది కదిలితేనే స్టాండు లేస్తుంది, స్టాండు లేస్తేనే తొమ్మిదింటికి ధీరజ్ వచ్చి వాయిస్తాడు, పక్క ఊరు బచేలీలో మాస్టారతను, రెండేళ్ళ తర్వాత మా చర్చిలో మళ్ళీ డ్రమ్స్ మోగబోతున్నాయి, ఫికర్ మత్ కరో భాభీ, పక్కా ఆవూంగా అన్నాడు నిన్న ఫోన్లో, తప్పకుండా వస్తాట్ట, దిగులు పడొద్దట, ఆ దిగులు నాకు కాకపోతే ఎవరికి, ఈ డ్రమ్స్ మా ఆయన పాల్‌వి, ఆయన ఇంకా ఇంట్లో గడ్డం గీసుకుంటున్నారు, వచ్చేలోపు ఇది కదలాలి, కదలకపోతే ఎందుకు కదల్లేదని వంగి చూస్తారు, చూస్తే తెలిసిపోతుంది.

గుడ్డ మళ్ళీ ఎర్రగా వచ్చింది, కిరండూల్లో ఎర్రగా రానిదేముంది గనక, కొండ మీది ఇనుపరాతి దుమ్ము ఆరేసిన చీరల మీద, కిటికీ ఊచల మీద, బైబిల్ అంచుల మీద, పెరుగు గిన్నె మూత మీద కూడా, విజయనగరం నుంచి కాపురానికొచ్చిన మొదటి వారం ఆయన తెల్లచొక్కా ఉతికి ఉతికి ఏడ్చాను, అలవాటైపోద్దిలే ప్రసన్నా, ఇక్కడ అందరం ఒకటే రంగు అని నవ్వారు, అప్పట్లో ఎంత నవ్వేవారు, రెండేళ్ళ కింద బైకు మీద ఘాట్ రోడ్డులో పడి కుడి మణికట్టు విరిగి, లోపల స్టీలు పట్టీ వేశాక ఆ నవ్వు ఎటు పోయిందో, డ్రమ్స్‌ని దుమ్ము తినేస్తుందని నేనే పూనుకుని ప్రతి శనివారం బకెట్‌తో నీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి, స్టాండ్లూ పెడల్ గొలుసూ బోల్టులూ తుడిచి, తడి ఆరకముందే ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలి దూరకుండా టేపు అంటించాను, ఒక్క వారం తప్పలేదు, గుడ్డ వారం వారం ఇంకా ఎర్రబడుతుంటే ఈ కొండకి కనికరం లేదనుకుని ఇంకాస్త తడిపి తుడిచాను, టేపు అంటించిన పట్టా కిందికి దుమ్మెలా దూరుతుందని ఒక్కసారైనా అనుకోలేదే, ఇందాక నట్టుని గోటితో గీరితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది, దుమ్ము పెచ్చులూడదు, అది తుప్పు, తడిగుడ్డతో గొంతు కోస్తారని అమ్మ ఎవరెవరినో అనేది, తన కూతురే ప్రేమగా ఆ పని చేస్తుందని అమ్మకేం తెలుసు.

కొబ్బరినూనె రాసినా కదలదేం, ఈ రెండేళ్ళూ ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోబోతే ఆగండి నేను పెడతాను, అన్నం కలపబోతే ఆగండి, సీసా మూత తియ్యబోతే ఆగండి, పోయిన క్రిస్మస్‌కి ఆయన ఈ పట్టా మీద చెయ్యి వేసి, ఓసారి కూకుంటానే అన్నారు, వద్దండీ, నొప్పెడుతుంది అన్నాను, చెయ్యి తీసేశారు, మళ్ళీ అడగలేదు, డాక్టరు వాడమనే కదా చెప్పాడు, వాడకపోతే బిగుసుకుపోతుందనే కదా అన్నాడు, పాస్టరు గారి దగ్గరికెళ్ళి ఆయన చెయ్యి ఇక పనికిరాదండీ, ధీరజ్‌ని పిలవండి అన్నది ఎవరు, నేనే, ఆయన్ని అడగకుండా, సిగ్గుగా ఉంది.

చెప్పుల చప్పుడు, ఆయనే, ఏటి ప్రసన్నా, ఏటి చేస్తన్నావు, గుడ్డ వెనక్కి దాచాను, దాచి ఏం లాభం, అరచేతులే ఎర్రగా ఉన్నాయి, దుమ్మండీ అంటే ఈ ఊళ్ళో ఎవరైనా నమ్ముతారు, నోటిదాకా వచ్చింది, తుప్పండీ అన్నాను, తడిగుడ్డతో తుడిచి మూసిపెట్టి నేనే పాడు చేశాను, ఆయన వంగి చూశారు, నట్టు వాసన చూసి, దీనికి కొబ్బరినూనేటే, తలకంటినట్టు అన్నారు, తిట్టినా బాగుండేది, ఇనుముకి తడి పనికిరాదు, పొడిగుడ్డెట్టి తుడిచి, నూనె సుక్క ఏసి, అప్పుడప్పుడూ తిప్పతా ఉంటే తుప్పు పట్టదు, నన్నడగొచ్చు గదా అన్నారు, అడగొచ్చు, ఒకే కప్పు కింద ఉండి రెండేళ్ళు ఆయన్ని ఏమీ అడగలేదు, పక్క గదిలోంచి ఫ్యాన్లకి వేసే నూనె తెచ్చి రెండు చుక్కలు వేశారు, పటకారు ఆ కుడిచేత్తోనే పట్టుకున్నారు, ఆగండి అన్న మాట పళ్ళదాకా వచ్చింది, మింగేశాను, నొప్పిగా ఉందా అండీ అని అడిగాను, ఉంది అన్నారు, ఉందిలే గానీ తిరుగుతాది, సూడు, నట్టు కిర్రుమంది, పావు చుట్టు, అర చుట్టు, ఎర్రపొడి నేల మీద రాలింది, ఆయన పెదవి చివర పాత నవ్వు కాస్త కదిలింది, ధీరజ్ వచ్చే వేళయింది, రానీ, డ్రమ్స్ ముందు ఎవరు కూర్చోవాలో వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు, ఈ ఎరుపు కొండ మీదినుంచి దిగుతోందనీ, ఆయన మౌనం విరిగిన చేతిలోంచి వస్తోందనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను, రెండూ నేను కప్పిన చోటే పుట్టాయి.